నెమ్మది చక్కెర

ట్యూబుల్లో రంగు తిరగలేదు. ప్రొఫెసరమ్మ వాటిని స్టాండులోంచి ఒక్కొక్కటే తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి మరీ చూసింది. ఎండుగడ్డి ఛాయ కూడా లేదు. తేటనీళ్ళలా ఉన్నాయి. జీన్ మొదలై ఉంటే ఈపాటికి పసుపుపచ్చగా మారాలి. మారలేదు కాబట్టి తన దగ్గర పిహెచ్‌డీ చేస్తున్న ఆ పిల్ల రాసింది అబద్ధం.

అనుకున్నదే అయినందుకు మనసు తేలికపడాలి. పడలేదు. చేతి తొడుగులు వేలు వేలూ లాగి తీసి చెత్తడబ్బాలో వేసి, మళ్ళీ వెళ్ళి ట్యూబులు చూసింది.

పొద్దున ఆరింటికే ఆమె ల్యాబు తలుపు తీసింది. ముందురోజు సాయంత్రం గ్లూకోజు కలిపిన ద్రవంలో వేసి, వెచ్చని గదిలో ఊగే బల్ల మీద పెట్టిన ఈస్టు, సరిగ్గా ఆ వేళకు పనికొచ్చే వయసులో ఉంటుంది. కాస్త ఆలస్యమైతే ముదిరిపోతుంది. అందుకే ఆ ల్యాబులో చేరే ప్రతివాళ్ళకీ ఆమె పెట్టే మొదటి షరతు ఆరు గంటలు. వెనకాల అందరూ తనను ఆరుగంటలమ్మ అంటారని ఆమెకు తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా.

ఈస్టును యంత్రంలో గిర్రున తిప్పి అడుక్కి దించింది. పైనీళ్ళు వంపేసి, కడిగి, మళ్ళీ కడిగి, గ్లూకోజు వాసన కూడా మిగలకుండా చేసి, గాలక్టోజ్ అనే వేరే చక్కెర ఉన్న ద్రవంలో వేసింది. ఉండుండి కొంచెం కొంచెం తీసి మంచులో గుచ్చింది. చివరికి ఆ కణాలను పగలగొట్టి రంగులేని మందు వేసి కూర్చుంది. గాలక్టోజ్ తినడానికి కావలసిన జీన్ మొదలైతేనే ఆ మందు పసుపయ్యేలా తయారుచేసిన ఈస్టు అది.

అరగంటకే పసుపు వచ్చిందని ఆ పిల్ల థీసిస్‌లో రాసుకుంది. గ్లూకోజులో పెరిగిన ఈస్టు గాలక్టోజు వైపు తిరగాలంటే ఒక పూట పడుతుంది. ముప్పై ఏళ్ళుగా తన చేతుల్లో అంతే పట్టింది. అలాంటిది అరగంటలోనా?

అదొక్కటే అయితే పొరపాటనుకునేది. పిలిచి అడిగిన రోజున, ఆరింటికి వచ్చే చేశానని ఆ పిల్ల మొహం మీదే చెప్పింది. గేటు దగ్గర కార్డు గీసే యంత్రమేమో రోజూ తొమ్మిది దాటాకే వచ్చిందని చెబుతోంది. వచ్చిన వేళ గురించే అబద్ధమాడిన మనిషి, వచ్చిన రంగు గురించి ఆడదా?

ఫోను మోగింది. యూనివర్సిటీలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే కమిటీ చైర్మన్‌గారు.

"ఏమైందమ్మా? వచ్చిందా?"

"రాలేదండీ. అసలు రంగే లేదు."

"నేను ముందే చెప్పానుగా. ఇంక ఫిర్యాదు ఉత్తరం పంపించెయ్యండి. శుక్రవారం కమిటీలో పెట్టేసి పేరు కొట్టేద్దాం."

"ఆ అమ్మాయి జవాబు కూడా జతచెయ్యాలి కదండీ."

"ఇస్తే చెయ్యండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయండి. మీ మాట చాలదూ?"

ఆమె ఫోను పెట్టేసింది.

*

ఇంట్లో అక్కయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు చంకలు విప్పుతోంది. పళ్ళ మధ్య గుండుసూది పెట్టుకునే మాట్లాడగలదు. చెల్లెలు కాళ్ళు కడుక్కొచ్చి కూర్చోగానే ఒక చూపు చూసింది.

"ఏమే, నీ పురుగులు గెలిచాయా, ఆ పిల్ల గెలిచిందా?"

"పురుగులు కాదక్కా, ఈస్టు. ఎన్నేళ్ళు చెప్పాలి?"

"ఏదో ఒకటిలే. కంటికి కనిపించనివన్నీ నాకు పురుగులే. అసలు ఆ పిల్ల చేసిన తప్పేంటో నాకర్థమయ్యేలా చెప్పు. నిన్నట్నుంచీ నీ మొహం చూడలేక చస్తున్నాను."

ప్రొఫెసరమ్మ మిషను మీదున్న కొలతల కాగితం ఒకటి తీసుకుంది. "ఇది జీన్ అనుకో. దీన్ని చూసి నకలు తీస్తేనే కణంలో పని జరుగుతుంది. నకలు తీసే యంత్రం వేరే ఉంది. కానీ అది దానంతటది రాదు. ప్రతి జీనుకీ ముందు చిన్న ముక్క ఒకటుంటుంది, ప్రమోటర్ అంటాం. వాకిలనుకో. ఆ వాకిలిని గుర్తుపట్టే ప్రొటీన్ వచ్చి దాన్ని పట్టుకుని కూర్చుంటే, అది యంత్రాన్ని పిలుస్తుంది. అప్పుడు జీన్ మొదలవుతుంది."

"వాకిట్లో కూర్చుని కూడా పిలవకపోతే?"

అక్కయ్య అడిగే ప్రశ్నలు ఒక్కోసారి తన విద్యార్థులు కూడా అడగరు. "అలా కూడా ఉంటుంది. దాని నోరు మూసిపట్టుకునే ప్రొటీన్ ఇంకొకటుంది. గాలక్టోజ్ వచ్చేదాకా అది చెయ్యి తియ్యదు. అది వదిలితేనే ఇది పిలుస్తుంది."

"ఓహో. మా అత్తగారున్నన్నాళ్ళూ మీ బావగారిలాగా."

ప్రొఫెసరమ్మకు ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వొచ్చింది. "కానీ గ్లూకోజ్ ఉన్నప్పుడు అదీ ఉండదక్కా. గ్లూకోజ్ ఎదురుగా ఉంటే ఈస్టుకి వేరే ధ్యాస లేదు. వాకిలికి తాళం వేసేస్తుంది. కూర్చునే ప్రొటీన్ తయారీ కూడా తగ్గించేస్తుంది. తర్వాత గాలక్టోజ్ ఇచ్చినా, తాళం తీసి, ప్రొటీన్ చేసుకుని, అది వచ్చి కూర్చుని... ఎంతసేపు పడుతుంది చెప్పు! ఆ వాకిట్లో ప్రొటీన్ కూర్చునే చోట్లు నాలుగు. ఈ పిల్ల అందులో రెండు తీసేసి, అయినా అరగంటలో మొదలైందంటోంది."

"నువ్వు చేస్తే రాలేదు."

"రాలేదు."

"నువ్వెలా చేశావో తనూ అలాగే చేసిందా?"

"ల్యాబులో అందరూ ఒకేలా చేస్తారక్కా. ముప్పై ఏళ్ళ పద్ధతి."

అక్కయ్య గుండుసూది తీసి దిండుకు గుచ్చింది. "నేను కొలతలు తియ్యకుండా గుడ్డ కొయ్యను. నువ్వేమో మనిషి బతుకు కోసేస్తున్నావు. వెళ్ళి ఒకసారి మొహం చూసిరావే. కాగితం ఇవ్వడానికైనా వెళ్ళాలి కదా, బంట్రోతు చేత పంపకు."

*

మర్నాడు పొద్దున్న వెళ్ళింది. మూడో అంతస్తు దాకా ఇరుకు మెట్లు. ఎవరిదో సైకిలు అడ్డంగా ఉంటే పక్కకు జరుపుకుని పైకెక్కేసరికి ప్రొఫెసరమ్మకు ఆయాసం వచ్చింది. తలుపు తీసే ఉంది. గదిలో కుర్చీలో పెద్దమనిషి ఒకాయన, మెడ చుట్టూ తువ్వాలు, మొహం నిండా సబ్బు నురగ. ఆ పిల్ల చేతిలో రేజరు.

"రండి మేడమ్. ఒక్క నిమిషం, సగంలో ఉన్నాను." కంగారు పడలేదు. తల ఊపి స్టూలు చూపించింది. "నాన్నా, మా మేడమ్ వచ్చారు."

ఆయన కళ్ళు మాత్రం ఇటు తిరిగాయి. నోరు ఒక పక్కకు జారి ఉంది. మాట లేదు.

ఆ పిల్ల రెండు వేళ్ళతో చెంప చర్మాన్ని పైకి లాగి పట్టుకుని, చెవి దగ్గర్నుంచి కిందికి మెల్లిగా గీసింది. రేజరును మగ్గులో ఆడించి మళ్ళీ గీసింది. "ఈ పక్క నాన్నకి స్పర్శ తెలీదు మేడమ్. తెగినా చెప్పలేరు. అందుకే ఈ పక్క ఇంత సేపు."

ప్రొఫెసరమ్మ సంచిలోంచి ఫిర్యాదు నకలున్న కవరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్లే అంది, "ఉత్తరమా?"

"నువ్వు చెప్పాలనుకున్నది రాసివ్వాలి. శుక్రవారంలోపు."

"ఏం రాయమంటారు?"

"నిజం రాయి."

"ఏ నిజం మేడమ్? వచ్చిన వేళ గురించా, వచ్చిన రంగు గురించా?"

"రెండూ ఒకటే."

"కాదు మేడమ్." చెయ్యి ఆగింది, గొంతు మాత్రం పెరగలేదు. "వేళ గురించి అబద్ధమాడాను. రంగు గురించి ఆడలేదు. అమ్మది ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ఎనిమిదిన్నరకి వస్తుంది. అప్పటిదాకా నాన్నని ఒక్కణ్ణీ వదిలి రాలేను. చేరిన రోజే మీరన్నారు, ఇంట్లో బాధ్యతలున్నవాళ్ళకి ఈ పని పొసగదని. అందుకే చెప్పలేదు. ఆరింటికే వస్తున్నానన్నాను."

ఆ మాట తను అన్నదే. అందరితోనూ అంటుంది. ఎవరి మొహమూ గుర్తుపెట్టుకోకుండా అనే మాట అది. ప్రొఫెసరమ్మ కవరు అంచు గోటితో నొక్కుతూ, తనకు బాగా తెలిసిన విషయానికి మళ్ళింది.

"తొమ్మిది దాటి వస్తే నీ కణాలు అప్పటికే ముదిరిపోయి ఉండాలి కదా. ముదిరిన కణాలతో ఆ మాత్రం రంగు కూడా రాదు."

"గ్లూకోజులో పెడితే ముదిరిపోతాయి మేడమ్. నేను రాఫినోజులో పెట్టేదాన్ని. అది నెమ్మది చక్కెర కదా. తింటూనే ఉంటాయి, కానీ తొందరగా పెరగవు." తడి తువ్వాలుతో తండ్రి గడ్డం కింద తుడిచింది. "నేనొచ్చేదాకా ఆగుతాయి."

మగ్గులో నీళ్ళ చప్పుడు. కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

రాఫినోజ్. దాని డబ్బా తన గదిలోనే, కిటికీ పక్క అరలో ఉంది. అది పెట్టిన ఈస్టులో వాకిలికి తాళం పడదు. ప్రొటీన్ రాత్రి నుంచే వచ్చి తన చోట్లో కూర్చుని ఉంటుంది, నోరు మూయించుకుని. గాలక్టోజ్ తగలడమే ఆలస్యం, మూసిన చెయ్యి వదిలేస్తుంది. అరగంట ఎందుకు, ఇంకా ముందే పిలవగలదు. ఇది తనకు తెలియనిది కాదు. చదువుకున్నదే, పాఠం చెప్పినదే. తెలియక కాదు, అడగక.

"ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను మేడమ్. 'కథలొద్దు, ఆరింటికి వచ్చావా లేదా, అదొక్కటీ చెప్పు' అన్నారు. వచ్చానన్నాను. ఇంక రాఫినోజ్ అని ఎలా చెప్తాను? అదెందుకు పెట్టావంటారు. ఆరింటికి రాను కాబట్టి అని చెప్పాలి."

అవును, ఆ రోజు ఆ పిల్ల నోరు తెరిచింది. ఏదో అనబోయింది. తనే చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యి ఇప్పుడు ఒళ్ళో కవరు మీద ఉంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తల్లి వచ్చింది. కళ్ళ కింద నల్లగా, భుజాన సంచి. ఆ పిల్ల అప్పటికే తన సంచి తగిలించుకుంది. ఇద్దరూ తలుపు దగ్గరే ఎదురుపడ్డారు.

"తిన్నారా?"

"సగం తిన్నారు. మందు వేశాను. నువ్వు పడుకో ముందు."

తల్లి కూతురి చెంప మీద సబ్బు మరక వేలితో తుడిచింది. ఒకళ్ళు లోపలికి, ఒకళ్ళు బయటికి. రోజుకు ఆ తల్లీకూతుళ్ళు నిలబడి మాట్లాడుకునేది ఇంతేనేమో అనిపించింది ప్రొఫెసరమ్మకు.

"అమ్మా, మా మేడమ్. ఇటుగా వెళ్తూ వచ్చారు."

తల్లి గబగబా చీర చెంగు సర్దుకుంది. "అయ్యో, కాఫీ అయినా ఇవ్వలేదా మీకు? దీనికెప్పుడూ తొందరే. మేడమ్‌గారూ, ఇంకెన్నాళ్ళండీ దీని చదువు? ఆ కాగితమేదో చేతికొచ్చి ఉద్యోగం వస్తే నేను రాత్రి డ్యూటీ మానేస్తానని చెప్పాను. రాత్రిళ్ళు ఈయన పక్కనుండొచ్చు కదా అని. మీ చేతిలో ఉందటగా."

ప్రొఫెసరమ్మ కవరును బోర్లించి పట్టుకుని లేచింది.

మెట్లు దిగుతుంటే ఆ పిల్ల వెనక నుంచి మెల్లిగా అంది. "ల్యాబుకు రావట్లేదని ఇంట్లో చెప్పలేదు మేడమ్. రోజూ ఇదే వేళకి బయల్దేరుతున్నాను. రొట్టెల ఫ్యాక్టరీలో చేరాను, పిండి పొంగిందో లేదో చూసే పని." కవరు కోసం చెయ్యి చాచింది.

"ఇప్పుడొద్దు," అంది ప్రొఫెసరమ్మ. కవరు సంచిలో దోపుకుంది.

*

ఆ సాయంత్రం ల్యాబులో ఎవ్వరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. రాఫినోజ్ డబ్బా మూత బిగిసిపోయి ఉంటే గుడ్డ చుట్టి తిప్పింది. పొడి తూచి, కరిగించి, సన్నటి జల్లెడ కాగితం గుండా వడకట్టింది. రెండు రకాల ఈస్టు, ఒకటి మామూలుది, ఒకటి ఆ పిల్ల రెండు చోట్లు తీసేసినది. రెంటినీ గ్లూకోజులోనూ పెట్టింది, రాఫినోజులోనూ పెట్టింది. నాలుగు సీసాలు పక్కపక్కనే ఊగే బల్ల మీద ఎక్కించి, బిగింపులు రెండుసార్లు లాగి చూసుకుంది.

అన్నం తినేటప్పుడు అక్కయ్యకు అంతా చెప్పింది. ఎప్పుడూ మధ్యలో ఏదో ఒకటి అనే మనిషి ఈసారి చివరిదాకా విన్నది.

"అమ్మ పోయిన రోజు గుర్తుందా?" అంది చివరికి.

ప్రొఫెసరమ్మ ముద్ద చేతిలోనే ఆగింది.

"ఆ రోజు కూడా నువ్వు ఆరింటికే వెళ్ళావు. 'కణాలు ముదిరిపోతాయక్కా, గంటలో వచ్చేస్తాను' అన్నావు. అమ్మ నీ కోసం తలుపు వైపే చూసింది. నేను నిన్నెప్పుడైనా ఒక్క మాట అన్నానా?"

"లేదు."

"ఇప్పుడూ అనను. ఆ పిల్ల వెళ్ళలేదు, అంతే తేడా. తిను, చల్లారిపోతోంది."

మర్నాడు గ్లూకోజ్ సీసాలతో పొద్దున్నే పని మొదలుపెట్టింది. రాఫినోజ్ సీసాలను తొమ్మిది దాటేదాకా ముట్టుకోలేదు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. రెండుసార్లు బల్ల తుడిచింది. మధ్యలో ఒక సీసా ఎత్తి చూసి, పలచటి మబ్బులా ఉన్న ఈస్టును చూసి, మళ్ళీ పెట్టేసింది. నిజంగానే ఆగాయి.

గాలక్టోజ్ కలిపింది. తీసింది, మంచులో గుచ్చింది, పగలగొట్టింది, మందు వేసింది. గ్లూకోజులో పెరిగిన రెండు రకాలూ తేటనీళ్ళలానే ఉన్నాయి. మామూలు ఈస్టు కూడా. తన ఉత్తరంలో రాసిన లెక్క ప్రకారం చూస్తే, ఏ మార్పూ చెయ్యని మామూలు ఈస్టు కూడా అబద్ధమే ఆడుతోంది. ఆ మొదటిరోజు పోల్చి చూడడానికి దీన్ని పక్కన పెట్టుకునే ఓపిక కూడా తనకు లేకపోయింది. పిల్లలకు మొదటి పాఠంగా చెప్పేదే అది.

రాఫినోజ్ ట్యూబుల్లో మొదట మామూలుదానికి రంగు తిరిగింది. తర్వాత రెండో దానికి. పసుపు లేతగానే ఉంది, చోట్లు రెండే మిగిలాయి కాబట్టి. కానీ పసుపే. అరగంటకు తీసిన ట్యూబులో, ఆ పిల్ల రాసినంతే.

ప్రొఫెసరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. రంగు చిక్కబడుతుంటే అలాగే చూస్తూ ఉండిపోయింది.

*

చైర్మన్‌గారు ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె ఖాళీ చేతులతో వెళ్ళింది.

"ఉత్తరం లేదండీ. చించేశాను. ఆ అమ్మాయి ఫలితాలు నిజమే. నేను చెయ్యడంలోనే తప్పుంది. ఆ మాట రాతపూర్వకంగా ఇస్తాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "రంగు సంగతి సరే. వేళ గురించి అబద్ధమాడింది కదా? గేటు యంత్రం కూడా తప్పేనా?"

"కాదు. అది ఆడిన అబద్ధమే. కానీ నేర్పింది నేను."

"అంటే?"

"నిజం చెబితే చోటివ్వనన్నాను. అబద్ధం చెబితే ఇన్నాళ్ళూ ఇచ్చాను. కమిటీలో ఎవరినైనా నిలబెట్టి అడగాలంటే నన్ను అడగండి."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. "మీ ముప్పై ఏళ్ళ పేరమ్మా. అందరి ముందూ తప్పయిందంటారా?"

"అంటానండీ," అందామె. బయటికొచ్చి వరండా దాటింది.

మర్నాడు తొమ్మిదింటికి బస్సుస్టాపులో ఉంది ఆ పిల్ల. రొట్టెల ఫ్యాక్టరీ టోపీ మడిచి సంచి జేబులో పెట్టుకుంది. ప్రొఫెసరమ్మను చూసి పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. కానీ ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది, రాఫినోజ్ సంగతి, పసుపు సంగతి, చించిన ఉత్తరం సంగతి. పాఠం అప్పజెప్పినట్టు, ఏదీ వదలకుండా. చివర్లో, "నాది తప్పయిందమ్మా. తిరిగి రా," అంది.

ఆ పిల్ల మొహంలో వెలుగు రావాలి కదా అని చూసింది. రాలేదు.

"ఒకటి అడగనా మేడమ్?"

"అడుగు."

"నిన్న ఆ ట్యూబులో పసుపు రాకపోయి ఉంటే?"

బస్సు మలుపు తిరుగుతోంది. జనం లేచి నిలబడ్డారు. ప్రొఫెసరమ్మకు చెప్పడానికి మెత్తటి మాటలు చాలా తోచాయి. ఇంకోసారి చేసేదాన్ననో, నీ మొహం చూశాక నమ్మాననో. ఏదన్నా ఆ పిల్ల తలాడించేసేదే.

"ఉత్తరం పంపేసేదాన్ని," అంది.

ఆ పిల్ల ఆమె కళ్ళలోకి చూసింది. మొట్టమొదటిసారి, ల్యాబులో ఎప్పుడూ చూడనంతసేపు. తర్వాత సంచి భుజానికి ఎగేసుకుని బస్సు మెట్టు మీద కాలు పెట్టింది.

"ఈ వారం వీళ్ళకి మాటిచ్చాను. మధ్యలో వదిలెయ్యలేను. సోమవారం వస్తాను." వెనకవాళ్ళు తోస్తుంటే కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది. "తొమ్మిది దాటాక వస్తాను మేడమ్."

చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించేంత గట్టిగానే చెప్పింది.

"రా," అంది ప్రొఫెసరమ్మ.